బండి దండకం

ఆంజనేయుడికి దండకం ఉంది. నీ డ్యాష్‌బోర్డు మీద గద భుజాన వేసుకుని నిలబడ్డ ఆ చిన్న బొమ్మకు రోజూ ఊదొత్తి వెలుగుతుంది, శనివారమైతే తమలపాకు కూడా. నీకు మాత్రం ఎవరూ ఏదీ చదవరు. ఆ స్వామిని పదహారేళ్లుగా ఘాట్లెక్కించి దింపుతున్నది నువ్వే కదా అని నాకు ఎప్పటినుంచో ఒక వెలితి. అందుకని ఇదిగో, యతిప్రాసలు లేకుండా, బాడుగ లెక్కల నడుమ, నాకు చేతనైన నాలుగు మాటలు.

నీది ఏ కంపెనీయో చెప్పను. చెప్పడానికి నీ మొహాన ఆనవాలూ లేదు. బానెట్ మీది అక్షరాలు ఒక్కొక్కటే ఊడిపోయాయి, చివరగా ఊడినదాన్ని మా తమ్ముడు గోళీల డబ్బాలో దాచుకున్నాడు. నాలుగు సిలిండర్ల రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజిన్, ముగ్గురు ఇరుక్కుని కూర్చునే క్యాబిన్, వెనక టమాటా క్రేట్లు పేర్చే తొట్టి. మదనపల్లె మార్కెట్ యార్డులో నీలాంటి బండ్ల వరసలో నిలబడితే నిన్ను గుర్తుపట్టేది నంబరు ప్లేటును బట్టే. ఏపీ 03. చిత్తూరు జిల్లా నంబరు. 2019లో కొత్త బండ్లకు రాష్ట్రమంతటా ఒకటే 39 వచ్చింది. 2022లో మదనపల్లె చిత్తూరు జిల్లా నుంచే విడిపోయింది. నీ నొసట 03 అలాగే ఉంది, మెట్టినింట ముప్ఫై ఏళ్లు కాపురం చేసినా ‘పుంగనూరామె’ అనే పిలిపించుకునే మా పెద్దమ్మ లాగా.

మీటరు ఇప్పుడు ఆరు లక్షల పన్నెండు వేలు చూపిస్తోంది. అంత తిరిగిందా అని నోరు తెరిచేవాళ్లు రెండు రకాలు: నమ్మనివాళ్లు, అమ్మమనేవాళ్లు. పాత బండ్ల బేరాల్లో మీటరును వెనక్కి తిప్పి అమ్మడం అందరికీ తెలిసిన విద్యే. నిన్ను నడిపే మా చిన్నాయనది దానికి తిరగేసిన పిచ్చి. ఒకసారి మీటరు కేబులు తెగి ఎనిమిది నెలలు అంకె కదల్లేదు, బాడుగల తొందరలో వేయించలేదు. ఆ ఎనిమిది నెలల తిరుగుడు ఏ లెక్కలోనూ లేదు. ‘పాతికవేలు పాయె గదప్పా’ అని ఇప్పటికీ గొణుగుతాడు, దొంగలెవరో ఎత్తుకుపోయినట్టు.

సరే, ఆరు లక్షలే అనుకుందాం. సంతలూ ఘాట్లూ టోల్‌గేట్లూ కలిపి గంటకు సగటున 40 కిలోమీటర్లు నడిచావనుకుంటే 15,000 గంటలు. నిమిషానికి 2,000 చుట్ల లెక్కన నీ క్రాంక్ తిరిగింది 180 కోట్ల సార్లు. రెండు చుట్లకు ఒక మంట చొప్పున ఒక్కో సిలిండర్లో 90 కోట్ల మంటలు. నిమిషానికి 72 సార్లు కొట్టుకునే మనిషి గుండె 180 కోట్లకు చేరాలంటే 47 ఏళ్లు దాటాలి. నీకు పదహారు. చంద్రుడితో కొలిచేవాళ్లూ ఉంటారు: అక్కడికి 3,84,400 కిలోమీటర్లు, వెళ్లి, తిరుగు దారిలో సగం దాటి ఉండేదానివి. కానీ చంద్రుడి మీద మండీ లేదు. నీ దూరమంతా మదనపల్లెకూ చెన్నై కోయంబేడు మార్కెట్‌కూ నడుమ, పోను రాను దాదాపు 500 కిలోమీటర్ల ఒకే దారిలో, మధ్యమధ్య బెంగళూరు మొహం చూసి రావడంతో సరి. గానుగెద్దు కూడా దూరమే నడుస్తుంది.

నీ ఆయుష్షు ఎక్కడుందో నాకు మొదట తెలిసింది పదో తరగతి సెలవుల్లో, చిన్నాయనతో లోడుకు వెళ్లినప్పుడు. సెల్ఫ్ కొట్టే ముందు ఆయన బానెట్ ఎత్తాడు. చిన్న టార్చి పళ్ల మధ్య కరుచుకున్నాడు. ఆయిల్ చూసే పుల్లను లాగి, పాత లుంగీ ముక్కతో తుడిచి, మళ్లీ గుచ్చి, మళ్లీ లాగి వెలుగులో అడ్డంగా పట్టుకున్నాడు. పుల్ల మీద రెండు గీతలు. ఆయిల్ ఆ రెంటి మధ్యన, పై గీతకు దగ్గరగా ఉండాలి. ఉంది. అయినా వదల్లేదు. కొసనున్న చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ రుద్దాడు, పులుసులో ఉప్పు చూసినంత మామూలుగా. తరవాత ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

వేళ్లకు ఇసక తగిలితే గాలి ఫిల్టరు దుమ్మును లోపలికి వదులుతోందన్నమాట. పల్చగా జారిపోయి డీజిల్ వాసన కొడితే ఏదో నాజిల్ కారుతోంది. పాలెక్కువైన టీ రంగుకు తిరిగితే హెడ్ గ్యాస్కెట్ పోయి నీళ్లు కలిశాయి, ఆ రోజు బండి కదలడానికి లేదు. నల్లగా ఉంటే కంగారు లేదు. డీజిల్ ఇంజిన్లో కొత్త ఆయిల్ పోసి నాలుగు రోజులు తిప్పినా మసి కలిసి నల్లబడుతుంది. నలుపు చూసి బెదిరేవాడికి బండి తెలియదు. నల్లగానే ఉంటుందిలే అని గడువు దాటించేవాడికి బండి మిగలదు. చిన్నాయన లెక్క ఎనిమిది వేల కిలోమీటర్లకు ఒకసారి. ఇప్పటికి 75 సార్లు దాటింది, సారికి ఆరు లీటర్లు, అంటే 450 లీటర్లు, రెండు పీపాలకు పైమాటే. ఇన్నేళ్లలో నువ్వు తాగిన డీజిల్ 50,000 లీటర్లకు తక్కువ ఉండదు. దాని పక్కన ఈ 450 చిటికెడు ఉప్పు. ఆ చిటికెడు దగ్గర పీనాసితనం చేసిన బండ్లు ఎన్నో నీ కళ్ల ముందే యార్డులో కనిపించకుండా పోయాయి.

సెల్ఫ్ కొట్టగానే ఆక్సిలేటర్ తొక్కడు. రాత్రంతా కిందికి దిగిపోయిన ఆయిల్ మళ్లీ పైకెక్కి కవాటాల దాకా చేరాలి కదా. ఆ అర నిమిషంలో దిగి వెనక్కి పోయి పొగ చూస్తాడు. మొదట కాస్త తెల్లగా వచ్చి ఆగిపోతే చలికి వచ్చిన పొగ. ఆగకుండా వస్తుంటే నీళ్ల అనుమానం. నీలంగా ఉంటే ఆయిల్ కాలుతోంది, రింగులో గైడులో అరిగాయి. ఎక్కుడులో నల్లగా కక్కితే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. జాతకం చూసే సిద్ధాంతికి పన్నెండు గళ్లు కావాలి. మా చిన్నాయనకు మూడు రంగులు చాలు.

మా వైపు బోరు నీళ్ల సంగతి తెలిసిందే. కాచిన గిన్నెకు తెల్లటి పొలుసు పడుతుంది. అదే నీళ్లు రేడియేటర్లో పోస్తే ఆ పొలుసే సన్నని గొట్టాల్లో పేరుకుని దారి మూసేస్తుంది. అది బయటపడేది మే నెలలో, ఎక్కుడులో, సూది ఎర్రగీతను ముద్దాడినప్పుడు. అందుకే నీ సీటు కింద కూలెంట్ డబ్బా ఒకటి ఎప్పుడూ ఉంటుంది, పసిబిడ్డ ఉన్న ఇంట్లో పాలడబ్బా ఉన్నట్టు. ఎవరైనా దారిలో బోరు దగ్గర బిందె ఎత్తి ‘పోసేదా అన్నా’ అంటే చిన్నాయన రెండు చేతులూ అడ్డం పెడతాడు. ఆ బిందెడు నీళ్లు ఆయన తాగుతాడు, నీకు పోయనివ్వడు.

దుమ్ముతో పోరు ఇంకో రకం. తోటల దాకా పోయి లోడు ఎత్తాలంటే తారురోడ్డు దిగక తప్పదు. ముందు ఇంకో బండి పోతుంటే ఎర్రదుమ్ము తెరలా లేస్తుంది. ఆ దుమ్ము ఒక్క చిటికెడు సిలిండర్లోకి పోతే రింగులకు సానరాయి పెట్టినట్టే. కాగితం ఫిల్టరును నీళ్లతో కడిగి ఎండబెట్టి మళ్లీ వాడేవాళ్లను చూశాను, పాపం పొదుపనుకుంటారు. చిన్నాయన ముందు బండికి యాభై గజాలు ఎడం ఇచ్చి పోతాడు. ఆ ఎడం కూడా నీ ఆయుష్షులో కలిసిందే.

ఇక టమాటా. నిన్ను పోషించిందీ అదే, నిన్ను తిన్నదీ అదే. కింది వరస క్రేట్లలో పండు చిట్లి, రసం కారి, తొట్టి మూలల్లోకి చేరుతుంది. చూడటానికి ఎర్రనీళ్లు, పనిలో ఆమ్లం. రాత్రంతా వదిలేస్తే రేకును కొరుకుతుంది. దానికి తోడు చెన్నై ఉప్పుగాలి. కోయంబేడులో లోడు దిగాక అందరూ నిద్రకు ఒరిగితే చిన్నాయన బకెట్టూ చీపురూ తీసి నీ తొట్టి కడుగుతాడు. కింద అట్టముక్క పరుచుకుని పడుకున్న పక్క బండి డ్రైవరు నీళ్లు మీద పడి తిట్టిన సందర్భాలున్నాయి, అరవంలో. ఆ తిట్లు కూడా నీకు రక్ష.

నీ దారికి ఒక వరం ఉంది, చాలామంది గమనించరు. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. చెన్నై సముద్రం ఒడ్డున. అంటే పోయేటప్పుడు బరువుతో దిగుడు, వచ్చేటప్పుడు ఖాళీతో ఎక్కుడు. నీ ఇంజిన్ ఇన్నేళ్లు నిలవడంలో ఈ భూగోళానికీ వాటా ఉంది. అయితే వరంతో పాటు దాని మెలికా ఉంటుంది: ఇంజిన్ బతికింది, బ్రేకులు అరిగాయి. పలమనేరు దాటాక మొగిలి ఘాట్ దిగేటప్పుడు ఒకటిన్నర టన్నుల టమాటా వెనక నుంచి తోస్తుంటుంది. కొందరు డీజిల్ మిగులుతుందని అక్కడ న్యూట్రల్లో వదిలేస్తారు. మిగిలేదేమీ లేదు. గేరులో ఉండి ఆక్సిలేటర్ మీద కాలు తీస్తే చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి, పంపు డీజిల్ ఆపేస్తుంది; న్యూట్రల్లో అయితే ఇంజిన్ బతకడానికి డీజిల్ తాగుతూనే ఉండాలి. పైగా భారమంతా లైనర్ల మీద పడి, కాలిన వాసన మొదలై, ఆఖరికి పెడల్ మెత్తబడుతుంది. ఆ మెత్తదనం కాలికి తెలిసేసరికి మలుపు వచ్చేసి ఉంటుంది. ‘ఏ గేర్లో ఎక్కుతామో ఆ గేర్లోనే దిగాల’ — చిన్నాయన నాకు నేర్పిన డ్రైవింగులో సగం ఇదే. మూడో గేరులో నువ్వు దిగుతుంటే ఇంజిన్ హుంకరిస్తుంది, మెడలో తాడు బిగించి పోతును వెనక్కి పట్టినట్టు.

తిరుగు దారిలో అదే ఘాట్ ఎక్కి పలమనేరులో టీకి ఆగినప్పుడు తాళం వెంటనే తిప్పడు. టర్బో నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే వస్తువు. ఇంజిన్ ఆపిన క్షణమే దానికి ఆయిల్ అందడం ఆగిపోతుంది. తిరుగుడూ వేడీ మాత్రం ఇంకా ఉంటాయి, లోపలి ఆయిల్ మాడి బొగ్గు కడుతుంది. అందుకని ఒక నిమిషం. నువ్వు నెమ్మదిగా గుర్రుమంటూ ఉంటావు, ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టి కళ్లు మూసుకుంటాడు. ఇద్దరికీ అదే విశ్రాంతి. ఈలోపు టీ మాస్టరు గ్లాసు అద్దం దాకా తెచ్చి ఇస్తాడు.

ఎక్కువ బరువు వేయడం మీద పెద్ద యుద్ధాలే జరిగాయి. క్రేటు పాతిక కిలోలు, నీకు అరవై క్రేట్లు. 2023 జూలైలో టమాటా కిలో 100 దాటి పరుగెత్తింది. ఒక్క క్రేటు రెండున్నర వేలు పలికే రోజులు. రైతు బతిమాలాడు. ‘అన్నా, ఇంకో పది ఏసుకోప్పా, రేటు ఉన్నప్పుడే గదా. బాడుగ ఎక్కువిస్తా.’ చిన్నాయన తాడు బిగిస్తూనే అన్నాడు, ‘అరవై అంటే అరవై సామీ. నీ టమాటా రేటు పెరిగింది గానీ నా కమాన్ల బలం పెరగలా.’

ఎప్పుడూ ఇంత నిక్కచ్చిగా లేడు. అంతకు చాలా ఏళ్ల ముందు ఒక్కసారి లొంగాడు, అక్క పెళ్లి ఖర్చుల ఏడు. డెబ్భై అయిదు క్రేట్లు. రాణిపేట దాటాక ఒక గుంతలో ‘ఠప్’మని చప్పుడు, నువ్వు ఎడమ వైపుకు ఒరిగిపోయావు. కమాను కట్టలో పెద్ద పట్టీ విరిగింది. తెల్లవారాక కూడా రోడ్డు పక్కనే కూర్చున్నాం. ఎండ ఎక్కేకొద్దీ టమాటా వాసన మారడం నాకింకా గుర్తుంది: ముందు పుల్లగా, తరవాత తీపిగా, మధ్యాహ్నానికి ముక్కు మూసుకునేలా. ఎగస్ట్రా పదిహేను క్రేట్ల బాడుగ ఎంతో, ఆ రోజు పోయింది ఎంతో చిన్నాయన నోటుబుక్కులో పక్కపక్కన రాసి గీత కొట్టి పెట్టుకున్నాడు. ఆ పేజీ ఇప్పటికీ మడత పెట్టి ఉంది.

నాలుగు లక్షల డెబ్భై వేల దగ్గర నీలో ఒక కొత్త శబ్దం పుట్టింది. కీచుమనదు, టకటకమనదు. చెరుకు నములుతున్నట్టు ఒక నలుగుడు, వేగం పెరిగితే దానితో పాటు పెరిగేది. హైవే పక్క పెద్ద షెడ్డు ఒకదానిలో చూపిస్తే మొదట మీటరు చూశారు. ‘ఇంజిన్ దించాల్సిందే. బేరింగులు పోయుంటాయి.’ లక్ష దాకా చెప్పారు. ఆ రాత్రి చిన్నాయన కంచంలో ముద్ద కలుపుతూనే కూర్చున్నాడు, తినలేదు.

పొద్దున్నే నిన్ను మన సాయిబు మేస్త్రీ దగ్గరకు తీసుకుపోయాం. వేపచెట్టు కింద షెడ్డు, గోడకు పానాలు సైజు వారీగా తగిలించి, ఒక్కోదాని వెనక దాని ఆకారం పెయింటుతో గీసి ఉంటుంది. ఆయన మీటరు వైపు చూడలేదు. ‘రేడియో బంద్ చెయ్ అన్నా’ అన్నాడు. తరవాత పొడుగు స్క్రూడ్రైవర్ ఒకటి తీశాడు. మొనను తిరుగుతున్న ఇంజిన్ ఒంటికి ఆనించి, పిడిని చెవి ముందు ఎముకకు నొక్కిపెట్టి కళ్లు మూసుకున్నాడు. ముందు కవరు మీద పెట్టాడు, తల అడ్డంగా ఊపాడు. పంపు మీద పెట్టాడు, లేదన్నాడు. వాటర్ పంపు మీద కాసేపు ఆగాడు. ఆల్టర్నేటర్ మీద పెట్టగానే కనుబొమలు పైకి లేచాయి. పిడి నా చేతికిచ్చాడు. ‘విను బేటా.’

విన్నాను. ఆ చెరుకు నలుగుడు నా పుర్రెలోనే జరుగుతున్నట్టుంది. అంగుళం పక్కకు జరిపితే చప్పుడు దూరమైపోయింది, వెనక్కి తెస్తే దగ్గరకొచ్చింది. మేస్త్రీ బెల్టు ఊడదీసి అర నిమిషం ఇంజిన్ తిప్పాడు. శబ్దం మాయం. రెండు చిన్న బేరింగులు. సాయంత్రానికి ఎనిమిది వందల రూపాయల్లో పని అయిపోయింది, అందులో రెండు వందలు చిన్నాయన బలవంతాన చేతిలో పెట్టినవి. పెద్ద షెడ్డువాళ్లు మోసం చేశారని నేననను. నాలుగు లక్షలు దాటిన బండి అనగానే రోగం ఇంజిన్లోనే ఉంటుందని ముందే తీర్పు రాసుకున్నారు, చెవి పెట్టలేదు అంతే. వయసు మీద పడ్డ మనిషికి మోకాలు నొప్పి అంటే ‘వయసు కదా’ అనేసే డాక్టర్లూ ఉంటారు.

నువ్వు ఇప్పుడు ఎంత నువ్వు? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వేధించింది. క్లచ్ ప్లేట్లు ఆరు మారాయి. టైర్లు యాభైకి దగ్గర పడ్డాయి. బ్యాటరీలు అయిదు, రేడియేటర్ రెండోది, ఎడమ డోరు వేరే బండిది; దాని రంగు మీద నీ రంగు వేసినా గీత పడిన చోట పాత నీలం తొంగిచూస్తుంది. ఆ డోరు చెన్నై పుదుపేటలో దొరికింది. చనిపోయిన బండ్లు అక్కడ అవయవాలుగా విడిపోయి గుట్టలుగా ఉంటాయి: ఒకచోట అన్నీ హెడ్‌లైట్లు, ఒకచోట అన్నీ స్టీరింగులు, ఒకచోట అద్దాలు, దారిన పోయేవాళ్ల మొహాలు ముక్కలుగా చూపిస్తూ. కోయంబేడులో లోడు దింపాక చిన్నాయన అక్కడ గంటలు తిరుగుతాడు. తట్టి చూస్తాడు, గోటితో గీకి చూస్తాడు. ఏ ప్రమాదంలో పోయిన బండిదో, ఏ అప్పు తీర్చలేక అమ్ముకున్నవాడిదో ఆ డోరు. నీతో పాటు ఇంకో లక్షన్నర కిలోమీటర్లు తిరిగింది. గుడి రథానికి ఏటా ఏదో ఒక చెక్క మారుస్తారు. ఇరుసు మారుతుంది, చక్రం మారుతుంది, తాడు సరేసరి. ఊరివాళ్లెవరూ రథం మారిందనరు. ఉత్సవం నాడు పట్టుకునేది ఆ రథం తాడునే.

నీకంటే ఎక్కువ తిరిగినవి లోకంలో ఉన్నాయి, దాచడం దేనికి. అమెరికాలో ఇర్వ్ గోర్డన్ అనే బడిపంతులు 1966లో కొన్న వోల్వో కారుతో 2013 నాటికి 30 లక్షల మైళ్లు పూర్తిచేశాడు. గ్రీసులో ఒక టాక్సీ డ్రైవరు 1976 నాటి మెర్సిడెస్ డీజిల్ కారు 46 లక్షల కిలోమీటర్లు తిరిగి 2004లో కంపెనీ మ్యూజియానికి చేరింది. నీ జాతిదే కావాలంటే లూయిజియానా వైపు 2007 నాటి టొయోటా టండ్రా పికప్పు ఒకటి తొమ్మిదేళ్లలో 10 లక్షల మైళ్లు కొట్టింది. కంపెనీవాళ్లు యజమానికి కొత్తదిచ్చి పాతదాన్ని విప్పి చూసుకోవడానికి తీసుకుపోయారు. వాళ్లకు నా నమస్కారం. కానీ మా ఎర్రమట్టి దారుల్లో, అరవై క్రేట్లతో, స్పీడ్‌బ్రేకరు మీద స్పీడ్‌బ్రేకరు ఎక్కుతూ చేసిన ఆరు లక్షలకు వేరే తరాజు కావాలి.

నీకు బరువు కంటే నిలబడి ఉండటమే చేటు చేస్తుందని 2020లో తెలిసింది. కూరగాయల బండ్లకు లాక్‌డౌన్‌లో అడ్డు లేదు గానీ మే మొదట్లో కరోనా వల్ల కోయంబేడు మార్కెట్టే మూతపడింది. నువ్వు ఇంటి ముందు చింతచెట్టు కింద వారాల తరబడి నిలబడిపోయావు. ఎలుకలు వైర్లు కొరికాయి. బ్రేకు డ్రమ్ములు పట్టేశాయి. టైర్లకు నేలకానిన వైపు చదును పడింది. చిన్నాయన మూడు రోజులకోసారి స్టార్ట్ చేసి వీధి చివరిదాకా పోయి వచ్చేవాడు, మంచాన పడ్డవాళ్లను పట్టుకుని నాలుగడుగులు నడిపించినట్టు. కానిస్టేబులు ఆపి ‘యాడికి?’ అంటే, ‘బండిని నడిపిస్తాండా సార్’ అన్నాడట. ఆయన నవ్వి వదిలేశాడు.

ఇంత చాకిరీ ప్రేమతోనే చేశాడా అంటే నేను తల ఊపలేను. కంతులు. 2009లో నిన్ను తెచ్చినప్పుడు నువ్వు మాది కాదు, ఫైనాన్సు వాళ్లది. నెలనెలా కంతు కట్టే నాలుగేళ్లూ నీ ప్రతి కిలోమీటరులో సగం వాళ్లే తిన్నారు. చివరి కంతు కట్టి, ఆర్సీలో వాళ్ల పేరు కొట్టేయించుకుని వచ్చిన సాయంత్రం పిన్నమ్మ నీకు కుంకుమ పెట్టి గుమ్మడికాయ దిష్టి తీసింది. అప్పటికి మీటరు లక్షా నలభై వేలు. ఆ తరవాత తిరిగిందంతా మాదే. కొత్త బండి కొంటే మళ్లీ ఆ నాలుగేళ్లు మొదటి నుంచి మొదలు. అందుకే ఆ అర నిమిషాలు, ఆ బకెట్లు, ఆ చుక్క నూనె. లెక్కతో మొదలైన పని ఎక్కడో దారిలో లెక్క మర్చిపోయింది. ఎక్కడ అని అడిగితే చిన్నాయనకు కూడా తెలియదు.

పాత బండ్లన్నీ నిలవాలని నేననను. చూసేవాడు లేని పాత డీజిల్ బండి ఊరి మీదికి నల్లపొగ వదులుతుంది, ఘాట్‌లో ప్రాణాలు తీస్తుంది. అలాంటివి తుక్కుకు పోవడమే మేలు. కొత్త బండ్లకు మేస్త్రీ స్క్రూడ్రైవర్ బదులు తీగ తగిలించి చదివే యంత్రం ఉంది, అదీ వినికిడే. సాయిబు మేస్త్రీ కొడుకు దాన్ని కొన్నాడు కూడా. తండ్రి ఇంకా ముందు చెవి పెడతాడు, తరవాతే కొడుకును పిలుస్తాడు.

నిన్న నీకు మళ్లీ ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పనులు. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏటా తప్పదు. రంగు తగిలించాం, రేడియం స్టిక్కర్లు అతికించాం, హారన్ చూశాం. గ్రీజు కొట్టాం, గన్ను నొక్కుతుంటే కీళ్ల అంచున ముందు నల్లటి పాత గ్రీజు పురుగులా బయటికొచ్చి, దాని వెనక కొత్తది పసుపుపచ్చగా కనిపించగానే ఆపాలి. ఆఖర్న చాసిస్ నంబరు ప్రింటు. చట్రం మీద కొట్టిన ఆ అంకెల మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీయాలి. ఏళ్లుగా ఆ పని చిన్నాయనదే. ఈసారి నడుం వంగలేదని నన్ను కిందికి దూరమన్నాడు.

వెల్లకిలా పడుకుని జరిగాను. మట్టి, దాని కింద గ్రీజు, దాని కింద తుప్పు. డీజిల్‌లో ముంచిన గుడ్డతో తుడుస్తుంటే ఒక్కో పొరా నా చొక్కా మీదికి దిగింది. లోహం తగిలింది. ఈ దూలం మాత్రం నువ్వు పుట్టినప్పటిది. కాగితం పరిచి, వేలితో ఒత్తి, పెన్సిల్‌ను పడుకోబెట్టి మెల్లగా రుద్దాను. బూడిద రంగులోంచి తెల్లగా ఒక అక్షరం లేచింది. ఇంకోటి. తరవాత అంకెలు. చివరి అంకె ఆరో ఎనిమిదో తేలలేదు.

‘ఏమొచ్చింది?’ పైనుంచి చిన్నాయన గొంతు.

చెప్పాను.

‘ఎనిమిది. ఇంకోసారి రుద్దు, వస్తాది.’